టేపుకు రెండో కొస

నేను కోత్వాల్‌ని.
టేపుకు ఒక కొస తలాటి సాబు చేతిల,
రెండోది నా బొటనవేలు కింద.
నడుమ ఉన్నదంతా నష్టం.

ప్రాణహిత దిగి ఆరు రోజులు.
బురద ఇంకా గట్టిపడలే,
చెప్పులు చేతపట్టుకొని నడుస్తున్నం.
ఇదే నా పత్తిచేను అంటడు జాడి ఎర్రయ్య.
మోకాలెత్తు ఇసుక. దాని మీద
ఏ ఊరిదో ఒక ప్లాస్టిక్ కుర్చీ
నాలుగు కాళ్లు పైకి పెట్టి పండుకున్నది.

సాబు మరాఠీల అడుగుతడు,
నేను తెలుగుల అడుగుత.
ఎర్రయ్య తెలుగుల చెప్తడు,
నేను మరాఠీల చెప్త.
ఈ పోకరాకల్ల కొంచెం కారిపోతది
పగిలిన కడవల నీళ్లు తెచ్చినట్టు.
"రెండేండ్ల దాక ఈ ఇసుకల గడ్డి గూడ మొలవది" అన్నడు.
చెప్పిన.
కాగితం మీద ఈ ఏటి గడి ఒక్కటే ఉన్నది.

నూటికి ముప్పైమూడు పోతేనే పోయినట్టు.
ముప్పై పోయిన సడ్మెక్ చిన్నుబాయికి
ఏమీ పోలేదని
మొఖం మీద నేనే చెప్పాలె.
ఆ మాటకు కొంచెం మర్యాద ఎక్కడన్న దొరుకుతదేమోనని
దారి పొడుగునా తెలుగంతా దేవులాడిన.

దుర్గం లస్మక్క మేక కొట్టుకపోయింది. కడుపుతోని ఉండె.
"మూడని రాయి" అన్నది. "లోపట రెండు."
సాబు పెన్ను ఆపిండు. మంచోడే.
చానసేపు ఆపి
ఒకటి అని రాసిండు.

మా ఇంటి గోడ గూడ పడ్డది.
కోత్వాలు తన నష్టం తాను కొలవద్దట,
అక్కడ రెండో కొస మా చిన్నపిల్లగాడు పట్టిండు.
నవ్వుకుంట పట్టిండు, వానికి అదొక ఆట.

మూడేండ్ల కింద గ్రామసభల అర్జీ పెట్టినం.
రాసింది నేనే, అచ్చమైన మరాఠీల:
ఇంజను పడవ ఒకటి,
విత్తనాలకు ఎత్తు మీద కొట్టం ఒకటి,
రాత్రిపూట కూసేటందుకు సైరను ఒకటి.
అర్జీ సిరొంచ దాటి గడ్చిరోలి పోయింది,
నాకంటే ఎక్కువ ఊర్లు చూసింది.
తిరిగొచ్చినంక దాని నుదుట ఎర్రసిరా:
"నష్టం జరిగినట్టు ఆధారాలు జతపరచలేదు."

ఇయ్యాల పంచనామా వెనుకవైపు లెక్కేసిన.
ఊరికి ఈ ఏడు రావలసిన పరిహారం నలభై ఒక్క లక్షలు.
పడవ నాలుగు లక్షల ఎనభై వేలు.
ఒక్క ఏటి ఏడుపు పైసలతోని
పడవ ఎనిమిదిసార్లు మునిగి
ఎనిమిదిసార్లు కొత్తగ తేలుతది.
పోయినదానికి పద్దు ఉన్నది,
పోబోయేదానికి లేదు.
లెక్క కొట్టేసి కాగితం మళ్ల ముందువైపు తిప్పిన.

ఆఖరుకు మడావి రుకుమాబాయి వాకిట్ల కూసున్నం, చాయ్ పోసింది.
దూలానికి చుట్టలు చుట్టి ఒక మోకు.
"దీనికేం నష్టం?" అడిగిండు సాబు.

ఆడోళ్ల బచత్ గట్‌ది అది.
మా నోట్లె బచత్ గట్టు అయింది,
ఏటికి మాకున్న గట్టు అదొక్కటే గద.
మనిషికి వారానికి పది రూపాయలు, రెండేండ్లు.
మొగోళ్లు నవ్విన్రు, నేను గూడ నవ్విన,
బర్రెను కొనక మోకు కొంటరా అని.
ఆ రాత్రి బడి పిట్టగోడకు ఒక కొస,
చింతమొద్దుకు ఒక కొస కట్టి
పదకొండు మందిని దాటించిన్రు.
పదకొండో మనిషికి పుట్టి తొమ్మిది రోజులు,
గంపల పెట్టి, గంప మీద ఇంకో గంప బోర్లించి.

ఇదంతా మరాఠీల చెప్పిన.
ఈసారి ఏమీ కారిపోలే.

సాబు కాగితం అటు తిప్పిండు, ఇటు తిప్పిండు.
పోయినయి రాసేటందుకు పద్నాలుగు గడులు.
పెన్నుకు మూత పెట్టిండు.
చాయ్ సల్లారిపోతాంది.
లేచి టేపు తీసిండు,
"పట్టు" అన్నడు నాతోని.

ముప్పై మీటర్ల టేపు.
రెండుసార్లు పరిచినా
ఇంకా మోకు మిగిలింది.